ఆదివారం రాని జబ్బు

కార్ఖానా, సికింద్రాబాద్
14-8-2003

తమ్ముడు వరహాలబాబుకు అక్క అప్పలలక్ష్మి దీవెనలు. మేమంతా తిరుగుతూనే ఉన్నాం, కార్డు చూసి కంగారుపడకు.

మా అబ్బాయి రమణబాబు ఆఫీసుకు బయలుదేరేలోగా నాలుగుసార్లు ఒంటేలుకు వెళ్తుంటే, ప్రోస్టేటు కేన్సరేమోనని నాకు బెంగ పట్టుకుంది. రక్తపరీక్ష రాయమని డాక్టరును నేనే అడిగాను. వాణ్ణి చూసి ఆయన, "రోజూ గిట్లనే ఉంటదా అమ్మా?" అన్నాడు.

"ఆదివారం మామూలేనండి," అన్నాను.

ఆయన నవ్వాడు. "అయితే గిది నౌకరీ టెన్షనమ్మా, జెర నిమ్మళంగుండు. ఆ పరీక్షల నంబరు వేరే కారణాలకు సుత పెరుగుతది. ఊకెనే చేపిస్తే సూదులు, పరేషాన్ షురూ. మీ ఇంట్ల ఎవరికన్న గీ కేన్సర్ ఉండెనా? ఉంటే అప్పుడు ఆలోచిద్దాం."

అప్పుడే నాన్న గుర్తొచ్చారు. ఆఖర్న ఆయనకు ఒంటేలు కట్టేసింది కదా, వయసు వల్లే అన్నారు. అది ఈ జబ్బేనా? అప్పుడు ఆసుపత్రికి తిప్పింది చిన్నాన్నే, అడిగి వెంటనే రాయి. ఏటేటా ఆ పరీక్ష చేయించుకుంటానన్నావు, నువ్వూ ముందు మీ డాక్టరుకు ఈ సంగతి చెప్పు. కార్డు మీద రాయకూడనిదే, పోస్టుమేన్ చదివితే చదవనీ. మీ పాప దేవికి దగ్గు తగ్గిందా?

అక్క భయపడుతుందని ఏదీ దాచకు. తెలియకపోతేనే నాకు ఎక్కువ భయం. మరదలికి, పిల్లలకు నా దీవెనలు.