డాబా మీద పర్ణశాల

డిసెంబర్ 1, ఆదివారం

ఈ ఏడు క్రిస్మస్ లేదని ఆయన ఇవాళ మందిరంలో చెప్పేశారు.

ప్రకటనల్లో కలిపి చెప్పారు. ముందు గోడలకు సున్నం, తర్వాత మైకు రిపేరు, ఆ తర్వాత ఇది. డిసెంబర్ ఇరవై అయిదు లేఖనంలో ఎక్కడా లేదన్నారు. దేవుడు తానే నియమించిన పండుగలు లేవీయకాండం ఇరవై మూడులో వరసగా ఉన్నాయి, యేసు కూడా అవే ఆచరించాడు, ఇకనుంచి మనమూ అవే అన్నారు. నూట నలభై మంది. ఒక్కరూ దగ్గలేదు. నేను కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాను. ముగింపు పాట వాయించాలి. వాయించాను.

ఇంటికొచ్చాక, నీకు ముందే చెప్పాల్సింది అన్నారు. పర్లేదన్నాను. రెండేళ్లుగా ఆయన బైబిలు చదువు ఎటు పోతోందో నాకు తెలుసు. తెలిసీ అడగలేదు.

ఏమనిపించిందో రాద్దామని పెన్ను పట్టుకున్నాను. ఏమీ అనిపించడం లేదు.

డిసెంబర్ 4

సంఘ కార్యదర్శి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. టీ ముట్టలేదు. తేదీ తప్పయితే అయిందేమో పాస్టరు గారూ, పుట్టిన మాట నిజమే కదా అన్నారు. మా పెద్దమ్మాయి పుట్టిన తేదీ బడిలో తప్పే రాయించాను, ఇప్పటికీ ఆ రోజే కేకు కోస్తున్నాం అన్నారు. మా ఆయన నవ్వారు. నవ్వి, లేవీయకాండం తెరిచారు. మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు.

గేటు దగ్గర నాతో, మీరైనా చెప్పండమ్మా, మీ మాట వింటారు అన్నారు. నాకంటూ ఒక మాట ఉంటే కదా వినడానికి.

డిసెంబర్ 11

సంఘం కమిటీ కూర్చుంది. ఆయన్ని పాస్టరుగా తీసేశారు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలట. మందిరం వెనక ఇల్లు కదా, సంఘానిది.

డిసెంబర్ 25

అత్తయ్యకి డెబ్బై తొమ్మిది. మూడేళ్లుగా జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఒక్కోసారి కన్నకొడుకునే పోల్చుకోదు. పండుగను మాత్రం మర్చిపోలేదు. పొద్దున ఆరింటికే మంచి బట్టలు కట్టుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. గోడ అవతల మందిరంలో పాటలు మొదలయ్యాయి. బయటి నుంచి ఎవరినో పిలిపించుకున్నట్టున్నారు ప్రసంగానికి. కీబోర్డు ఎవరు వాయిస్తున్నారో గానీ తాళం పరుగులు తీస్తోంది.

ఇంకా బయల్దేరరేమిటర్రా అంది అత్తయ్య.

ఆయన వచ్చి ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. అమ్మా, ఇది మనుషులు పెట్టుకున్న పండుగ, దేవుడు పెట్టింది కాదు అన్నారు. ఆవిడ నోరు నొక్కుకుంది. ఎవరు చెప్పార్రా నీకు, పాస్టరు గారికి తెలిస్తే ఊరుకుంటారా అంది.

పది నిమిషాలు. మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు. ప్రతిసారీ ఆవిడకి అది కొత్త వార్తే. ప్రతిసారీ ముఖం అలాగే వాడిపోతుంది. పదకొండు సార్లు లెక్కపెట్టాను. రేపు వెళ్దాం అమ్మా అంటే సరిపోయేది కదా అన్నాను వంటింట్లో. అబద్ధం ఆడకూడదని నాకు నేర్పింది అమ్మే అన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

తప్పు ఎవరిదో నాకు తెలియలేదు. సామాను సర్దడం మొదలుపెట్టాను.

జనవరి 2

అద్దె ఇల్లు, మూడో అంతస్తు. రెండు గదులు, పైన డాబా. కీబోర్డు సంఘానిది, అక్కడే వదిలేశాను. కవర్ కప్పి వచ్చాను, దుమ్ము పడకుండా.

ఫిబ్రవరి 19

ల్యాబ్, ఇల్లు. ఇల్లు, ల్యాబ్. ఇవాళ ముప్ఫై ఎనిమిది మందికి రక్తం తీశాను. ఫాస్టింగేనా అని అడుగుతాను. కొంచెం చురుక్కుమంటుంది అంతే అని చెప్తాను. సూది దిగేటప్పుడు వాళ్లు మొహం తిప్పుకుంటారు. నేను తిప్పుకోను.

ఏప్రిల్ 13

పులియని రొట్టెల పండుగ మొదటి రోజు. ఈ వారం పులిసిన పిండిది ఏదీ ఇంట్లో ఉండకూడదు. ఆయన రెండు రోజులుగా మంచాలు జరిపి మరీ బ్రెడ్డు తునకలు ఏరారు. ఫ్రిజ్ కింద ఒక పాత రస్కు దొరికితే, దొంగ దొరికినంత సంబరపడ్డారు.

ఇంట్లో ప్రార్థనకి మేము ముగ్గురం కాక పాత సంఘం నుంచి ఎనిమిది మంది వస్తున్నారు. వాచీలు బాగుచేసే ఆయన అందరికంటే గట్టి. ఇంటికి స్టార్ కట్టనివ్వలేదని ఆయన భార్య డిసెంబర్‌లో పుట్టింటికి వెళ్లిపోయింది. ఇంకా రాలేదు.

నిన్న సాయంత్రం పస్కా. ఒకరి కాళ్లు ఒకరు కడిగారు. నా కాళ్లు ఎవరు కడిగారో గుర్తులేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఏప్రిల్ 20

ఈస్టర్ అని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. అత్తయ్య తెల్లారకుండానే లేచి, సమాధి దగ్గరకు వెళ్దాం పద అమ్మాయ్ అంది. ఎవరి సమాధికి అత్తయ్యా అన్నాను. ఎవరిదో ఒకరిది అంది.

ఆగస్టు 3

వాన.

అక్టోబర్ 2

ప్రాయశ్చిత్తార్థ దినం. ఉపవాసం. లీవు ఇవ్వలేదు. ల్యాబ్‌లో టీ వద్దంటే, ఏం మేడం, మీకూ టెస్టు ఉందా అని రిసెప్షన్ అమ్మాయి అడిగింది. ఉందన్నాను.

అక్టోబర్ 6

రేపటి నుంచి పర్ణశాలల పండుగ. ఇశ్రాయేలీయులు అరణ్యంలో గుడారాల్లో బతికారని గుర్తు చేసుకోవడానికి ఏడు రోజులు ఆకుల పాకలో ఉండాలి. ఎనిమిదో రోజు సమాజం కూడాలి. అంతటితో అయిపోతుంది. పోయిన వారమే ఆయన నాకు పిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

డాబా మీద పాక వేశారు. వాచీల ఆయన కర్రలు కట్టాడు. అంత చిన్న స్క్రూలు బిగించే చేతులు ఇంత పెద్ద ముడి వేయగలవని అనుకోలేదు. ఇంటి ఓనరు వచ్చి, దీనికి పర్మిషన్ ఎవరిచ్చారు అన్నాడు. మోషే అనబోయి ఆగారు ఆయన. ఎనిమిది రోజుల్లో విప్పేస్తామండీ అన్నారు.

అక్టోబర్ 7

ఇది మొత్తం రాయాలి.

సాయంత్రం నాలుగింటికి అందరూ వచ్చారు. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని పైకి తెచ్చారు. పాక గుమ్మంలో దింపారు. లోపల పచ్చి ఆకుల వాసన. కింద గడ్డి పరిచి దుప్పటి వేశాం. అత్తయ్య చాలాసేపు చూసింది. తర్వాత, పశువుల పాక ఇదేనా అంది.



వచ్చేశామన్నమాట అంది. కుర్చీ దిగి, గడ్డి మీద చతికిలబడి, పాట ఎత్తుకుంది. తన చిన్నప్పటి క్రిస్మస్ పాట. మొన్న అన్నం తిన్న సంగతి గుర్తులేని మనిషి, నాలుగు చరణాలూ మాట పొల్లుపోకుండా పాడింది. గొంతు వణికింది గానీ శ్రుతి తప్పలేదు.

ఎనిమిది మందీ ఆయన వైపే చూస్తున్నారు. వాచీల ఆయన మరీ. ఆ పండుగకి స్టార్ కట్టనివ్వనందుకే భార్య వెళ్లిపోయి అతని ఇల్లు ఖాళీ అయింది. పాస్టరు గారు ఇప్పుడేం చెప్తారా అని అందరిదీ ఒకటే చూపు.

ఆయన వెళ్లి తల్లి ఎదురుగా కూర్చున్నారు. అమ్మా అన్నారు. ఆవిడ పాట ఆపి, ఆయన్ని ఎగాదిగా చూసింది. పోల్చుకోలేదు.

నువ్వెవరు బాబూ, గొర్రెల కాపరివా అంది.

ఆయన నోరు తెరిచారు. లేవీయకాండం వస్తుందనుకున్నాను.

అవునమ్మా, కాపరినే అన్నారు.

మరి గొర్రెలేవీ అంది.

ఎనిమిదే మిగిలాయమ్మా అన్నారు.

అత్తయ్య ఆ ఎనిమిది మందినీ ఒకసారి కలయజూసింది. చాల్లే నాయనా, ఎక్కువుంటే గోల, బాబు పడుకున్నాడు అంది. ఆయన చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుని, మళ్లీ మొదటి చరణం నుంచి అందుకుంది.

వాచీల ఆయన లేచి వెళ్లిపోయాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు, చప్పుడు కాకుండా. ఎవరూ పిలవలేదు.

అందరూ వెళ్లాక, నేను అబద్ధం చెప్పానా అని అడిగారు ఆయన. పండుగ ఏదని ఆవిడ అడగలేదండీ, మీరెవరని అడిగింది అన్నాను. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది. చాలా నెలల తర్వాత గట్టిగా ఆకలేసింది. రెండుసార్లు పెట్టుకుని తిన్నాను.

అక్టోబర్ 10

అత్తయ్య కిందికి రానంటోంది. ఆయన కూడా అక్కడే ఉంటున్నారు. రోజూ పొద్దున్నే లేవగానే ఆవిడకి క్రిస్మసే. రోజూ అదే పాట. ఇవాళ మూడో చరణంలో ఆయన గొంతు కూడా వినబడింది. నేను మెట్ల మీదే ఆగిపోయాను.

అక్టోబర్ 14

ఎనిమిదో రోజు. ఏడుగురు వచ్చారు. ప్రార్థన చిన్నగా ముగించారు. వెళ్తూ వాళ్లలో ఒకావిడ, డ్రైవరు గారి భార్య, నన్ను పక్కకు పిలిచి, ఇక మనం ఏ పండుగ వాళ్లం పాస్టరమ్మ గారూ అని అడిగింది. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది. తెలియదమ్మా అన్నాను. హమ్మయ్య అంది.

ఓనరు ఫోన్ చేశాడు. రేపు విప్పేస్తున్నారు కదా అని. ఆ అన్నాను.

అక్టోబర్ 15

తొమ్మిదో రోజు. దీని గురించి లేఖనంలో ఏమీ లేదు.

తాళ్లు కోయడానికి ఆయన కత్తి తీసుకుని పైకి వెళ్లి గంటయింది. వెళ్లి చూశాను. అత్తయ్య నిద్రపోతోంది. ఆయన స్టూలెక్కి, ఎండిపోయిన ఆకులు ఒక్కొక్కటే తీసి, పచ్చివి కడుతున్నారు.