తప్పు కాలిపర్లకు చిన్న రసాలు

ముసునూరు, మే 4

బెంగళూరు సైకిల్ సామాన్ల కంపెనీలో ఈ పెట్టె విప్పేవారికి నమస్కారం.

మీ ఫోనులో గొంతు ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది. నేను నొక్కుతూ ఉండగానే పొయ్యి మీద పప్పు మాడింది. అందుకని ఉత్తరం రాసి పెట్టెలోనే పెడుతున్నాను.

మా మనవరాలు షాలోమి రోడ్డు సైకిలు సొంతంగా కట్టుకుంటోంది. ముప్పై ఒకటిన నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్‌కు సైకిలు పందెం. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు లేకపోతే రానివ్వరట. లేకపోతే నేనూ పోనివ్వను. చక్రం మీది పళ్ళేన్ని పట్టి ఆపే కాలిపర్లు మీ దగ్గర తెప్పించాం. మా ఫ్రేముకు బల్లపరుపుగా అతుక్కునే ఫ్లాట్ మౌంట్ కావాలి. మీరు పంపింది కొంగలా నిలబడే పోస్ట్ మౌంట్. మార్చి పంపగలరు.

ఇట్లు,
సవరమ్మ, రిటైరైన లెక్కల టీచరు

తా.క.: మా వైపు పక్కింటి గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. పెట్టెలో చోటు మిగిలింది కాబట్టి మా తోట మామిడిపళ్ళు, చిన్న రసాలు సర్దాను. వాటిని సైకిలుకు బిగించకండి.


బెంగళూరు, మే 9

గౌరవనీయులైన టీచర్ గారికి,

పొరపాటుకు చింతిస్తున్నాం. ఫ్లాట్ మౌంట్ పంపుతున్నాం. సరిపోకపోతే అదే పెట్టెలో తిప్పి పంపండి. మొహమాటం అస్సలు వద్దు.

భవదీయుడు,
శ్రీధర్, అమరిక పరిశీలన విభాగం

తా.క.: ఈసారి పెట్టె కొంచెం పెద్దది.


ముసునూరు, మే 13

శ్రీధర్ గారికి,

ఫ్రేముకైతే అతుక్కున్నాయి. కానీ మా బ్రేకు లివర్లు మినరల్ ఆయిల్‌తో నడిచేవి, మీ కాలిపర్లు మరో నూనెవి. రెండూ కలిస్తే లోపలి రబ్బర్లు పాడవుతాయట. రెండింటికీ ఒకే నూనె ఉండేవి పంపండి.

ఇట్లు,
సవరమ్మ

తా.క.: పెద్ద పెట్టె కదా, బంగినపల్లి పట్టాయి.


బెంగళూరు, మే 18

పూజ్యులైన టీచర్ గారికి,

మీ విషయం మా మేనేజరు నారాయణరావుగారు స్వయంగా చేపట్టారు. తొందరపడితే తప్పు జరుగుతుందని, ఒక్కో రకమే పంపి చూద్దామన్నారు. ఈ విడత వైరుతో లాగేవి పంపుతున్నాం. ఇంకా పద్నాలుగు రకాలున్నాయి.

విధేయుడు,
శ్రీధర్

తా.క.: ఆఫీసులో మేం పదకొండు మందిమి. కిందటి పెట్టెలో తొమ్మిది కాయలున్నాయి. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం.


ముసునూరు, మే 22

శ్రీధర్‌కు,

గారు తీసేశాను, గమనించు. వైరుతో లాగేది హైడ్రాలిక్ కాదని మాకు పాలు పోసే కొండయ్యకు కూడా తెలుసు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను నేను. మొదటిసారి పొరపాటు, రెండోసారి నిర్లక్ష్యం, మూడోసారి బంగినపల్లి. ఇక్కడ పిల్ల అన్నం ముందు కూర్చుని కొరియర్ బండి కోసం రోడ్డు వైపు చూస్తోంది. పందేనికి తొమ్మిది రోజులే ఉన్నాయి. సరైనవి వచ్చేదాకా మా తోట నుంచి మామిడాకు కూడా రాదు.

సవరమ్మ

తా.క.: ఖాళీగా పంపడానికి చేతులు రాక కాకరకాయలు పెట్టాను. పదకొండు. మనిషికొకటి.


బెంగళూరు, మే 26

టీచర్ గారూ,

క్షమించండి. మొదటిది నిజంగా పొరపాటే. మీకు సరిపోయే జత స్టాకులో ఒక్కటే ఉంది. అది మీకు చేరితే మామిడి పెట్టెలు ఆగిపోతాయని మేనేజరుగారు తన సైకిలుకే బిగించుకున్నారు. ఆయన మీటింగులో ఉండగా విప్పి పంపుతున్నాను.

మీ శ్రీధర్

తా.క.: ఆయనకింకా తెలియదు. ఆఫీసు నుంచి ఆయన ఇంటికి దారంతా పల్లమే.


ముసునూరు, జూన్ 1

నాయనా శ్రీధర్‌కు దీవెనలు.

కాలిపర్లు చక్కగా సరిపోయాయి. నిన్న పందెంలో, జంక్షన్ ఇంకో కిలోమీటరుందనగా, షాలోమి అందరికంటే ముందుంది. అప్పుడు ఎవరో పెద్దమనిషి రోడ్డుకడ్డంగా చేతులు చాపి నిలబడి, "నా బ్రేకులు నాకిచ్చెయ్యమ్మా" అన్నాడట. పిల్ల రెండు లివర్లూ నొక్కింది. ఆయన ముక్కుకు జానెడు దూరంలో సైకిలు ఆగింది.

అవును, మీ నారాయణరావుగారే. అక్కడ వానలని నాలుగు రోజులు సైకిలు ముట్టక, మొన్న సాయంత్రం ఇంటికి బయల్దేరబోతూ చూసుకుని, ఉన్నపళంగా బస్సెక్కారట.

ఈలోగా ఇద్దరు దాటిపోయారు. పిల్లకు మూడో స్థానం వచ్చింది. ఆయన్ని ఇంటికి పిలిచి మంచినీళ్ళిచ్చి, బ్రేకులు పనిచేస్తున్నాయా అని అడిగాను.

"బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయండీ" అన్నారు, ముక్కు తడుముకుంటూ. ఆ మాటే కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను. జతపరిచాను, ఆఫీసులో దాచండి.

ఆశీస్సులతో,
సవరమ్మ

తా.క.: ఆయన ఇంకా తోటలోనే ఉన్నారు. బస్సుకు టైమైందని చెప్పినప్పుడల్లా ఇదొక్కటీ తిని లేస్తానంటున్నారు. తిప్పి పంపడానికి ఎంత పెట్టె కావాలో రాయి.