ఎర్ర కారు, అత్తగారి దవడ పన్ను

సెప్టెంబర్ 1, సోమవారం

ఈ రోజు నుంచి నా కారుకి నేనే డాక్టర్ని.

పొద్దున ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళు కూడా లేవు, పై వరసలో నాలుగు పళ్ళు లేవు. "నొప్పి లేదు కదండీ, అందుకే రాలేదు" అన్నాడు. బెంజ్ సర్కిల్ పక్కన పళ్ళ ఆసుపత్రి పెట్టిన నాటి నుంచి ఈ మాట వినని రోజు లేదు. నొప్పి రాకముందే చూపించుకోవాలని ఆయనకి పెద్ద క్లాసు పీకాను. ఆయన వెళ్ళాక కిటికీలోంచి నా కారు కనిపించింది. ఆయిల్ ఎప్పుడు మార్చానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

రెండు డోర్లు, రెండు సీట్లు. జపాన్‌లో పుట్టి, హైదరాబాద్‌లో ఇద్దరి చేతులు మారి నా దగ్గరికొచ్చిన స్పోర్ట్స్ కారు. వయసు పంతొమ్మిది. తిరిగింది లక్షా తొంభై వేల కిలోమీటర్లు. వెనక పిల్లి కూర్చోడానికి కూడా చోటు లేదు. అయినా ఆ ఇంజిన్ గొంతు విప్పితే నాకు ఇరవై ఏళ్ళు తగ్గుతాయి.

సాయంత్రం ఇంటికి రాగానే రాజ్యశ్రీ గడువు పెట్టింది. మా ఆవిడది మంగళగిరి చేనేత చీరల వ్యాపారం. చీరల మూటలకి చోటు చాలక, కారు నిలబడే షెడ్డు మీద ఎప్పట్నుంచో కన్నేసింది.

"అక్టోబర్ పన్నెండు ఆదివారం అమ్మకి మోపిదేవి మొక్కుంది. ఆ రోజు పెద్ద కారు నేను ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తున్నా. అమ్మని మీ ఎర్ర కారులో తీసుకెళ్ళి తీసుకురండి. దారిలో చెడి ఆగకుండా వస్తే ఉంచుకోండి. ఆగిందంటే దేవేంద్ర అన్నయ్యకి ఇచ్చేద్దాం."

తనకి వరసకి అన్న అయ్యే ఈ దేవేంద్రకి హనుమాన్ జంక్షన్‌లో ఫంక్షన్ హాలు ఉంది. నా కారుని హాలు ముందు నిలబెట్టి, కొత్త దంపతులకి ఫొటోలు తీయిస్తాడట. ఇంజిన్ లేకపోయినా పర్లేదన్నాడట. ఇంజిన్ లేకపోయినా!

జాబితా రాశాను. ఆయిల్, ఫిల్టర్. రేడియేటర్ గొట్టాలు. బెల్టు. ప్లగ్గులు. బ్రేకులు. వారానికొకటి చేసినా గడువు కంటే ముందే అయిపోతాయి. మెకానిక్ చెయ్యి పడనివ్వను.

సెప్టెంబర్ 3, బుధవారం

పొద్దున్నే బానెట్ ఎత్తాను. పళ్ళు చూసే చిన్న అద్దం, చిన్న టార్చి. ఇంజిన్ వెనక ఏ మెకానిక్ కన్నూ చేరని మూలలన్నీ కనిపించాయి. అచ్చం జ్ఞానదంతాల వెనక చూసినట్టే ఉంది. ఈ పనికి దేవుడు నన్నే పుట్టించాడనిపించింది.

రోగ నిర్ధారణ: రేడియేటర్ పైగొట్టం చిగుళ్ళు వదిలేసింది. నొక్కితే సన్నగా పగుళ్ళు కనిపిస్తున్నాయి. కొత్తది, దాన్ని బిగించే క్లిప్పులు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను.

క్లినిక్‌లో మా అసిస్టెంట్ మార్త అద్దాలు లెక్కపెట్టి, ఒకటి తగ్గిందంది. జేబులోంచి తీసిచ్చాను. వాసన చూసి, దాన్ని విడిగా పెట్టేసింది.

సెప్టెంబర్ 6, శనివారం

నాకు వారంలో తీరికుండేది శనివారం మధ్యాహ్నాలే. ఆదివారం పొద్దునంతా పేషెంట్లు, మధ్యాహ్నం కునుకు తప్పదు. ఆటోనగర్ వెళ్ళి ఇంజిన్ ఆయిల్ డబ్బా, పానాల సెట్టు కొనుక్కుని హుషారుగా వచ్చాను.

గేటు దగ్గర అత్తగారు. సుబ్బరత్నం గారు. మామగారు పోయాక మాతోనే ఉంటున్నారు. తాతల నాటి నుంచి మగ్గాల ఇల్లు వాళ్ళది. పద్ధతంటే పద్ధతే.

"అల్లుడుగారూ, ఇవాళ శనివారం. నూనె, ఇనుము గడప దాటి రాకూడదు."

"ఇది తలకి రాసుకునే నూనె కాదండీ అత్తయ్యగారూ."

"నూనేనా, కాదా?"

నూనే. పానాలు ఇనుమే. నా తీరిక రోజున నా సరంజామా మొత్తానికి ప్రవేశం లేదు. డబ్బా, పానాలు ప్రహరీ గోడ మీద ఉన్నాయి.

ఇంకో సంగతి. మాట్లాడుతూ ఆవిడ ఎడమ దవడ పట్టుకున్నారు. పన్ను నొప్పా అంటే కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆరు నెలలుగా ఇదే వరస. అల్లుడి ముందు నోరు తెరిచి కూర్చోవడం ఆవిడ వల్ల కాదట. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని బయటికెళ్తే నాకు పరువు తక్కువట. లవంగం పెట్టుకుని కాలం గడుపుతున్నారు. నివారణ విలువ తెలియని మనుషులు!

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈ రాత్రి చంద్రగ్రహణం. అత్తగారు పచ్చళ్ళ మీద, పెరుగు మీద, నీళ్ళ బిందె మీద దర్భలు వేశారు. బయటికొచ్చి గోడ మీది ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద కూడా ఒక దర్భ పెట్టారు. ఎందుకండీ అంటే, "రేపు లోపలికి తేవాల్సిందేగా" అన్నారు.

గ్రహణం రోజున పని మొదలుపెట్టడం మంచిది కాదని నేనే అన్నాను. ఆవిడ కూడా మెచ్చుకున్నారు. మధ్యాహ్నం హాయిగా పడుకున్నాను.

సెప్టెంబర్ 13, శనివారం

గొట్టం పార్శిల్ వచ్చింది. గొట్టం రబ్బరు కాబట్టి రావచ్చట. క్లిప్పులు ఇనుము కాబట్టి రాకూడదట. రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఎందుకొచ్చిన గొడవ అని పెట్టెని అలాగే కారు డిక్కీలో పడేశాను.

కారు షెడ్డులోనే ఉంది కదా, షెడ్డు గేటు లోపలే ఉంది కదా అని రాజ్యశ్రీ అడిగింది. షెడ్డుకి గడప లేదని అత్తగారు తీర్పిచ్చారు.

అయితే షెడ్డులో పని చేసుకోవచ్చన్నమాట. ఈ లొసుగు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే అన్నం తిన్నాను. తిన్న వెంటనే వంగకూడదు.

సెప్టెంబర్ 16, మంగళవారం

తీరిక దొరికింది కానీ మంగళవారం. పైగా మహాలయ పక్షాలు. ఫోన్‌లో పంచాంగం చూశాను. అమావాస్య దాకా ఏమీ మొదలుపెట్టకపోవడమే క్షేమం.

"మన పెళ్ళికి ముహూర్తం చూస్తుంటే నవ్విన మనిషి మీరేనా?" అంది రాజ్యశ్రీ.

అత్తగారు కూడా నా పక్షం రాలేదు. "కొత్త పనులు మొదలుపెట్టకూడదు గానీ, పాతవి బాగుచేసుకోవద్దని ఎవరన్నారు? బండి పాతదేగా" అన్నారు. పద్ధతులు తెలిసినవాళ్ళతో ఇదే చిక్కు. మనకి కావాల్సినప్పుడు పద్ధతి మన మాట వినదు.

సెప్టెంబర్ 20, శనివారం

నడుం పట్టేసింది. రోజంతా పేషెంట్ల మీద వంగే వృత్తి. మళ్ళీ బానెట్ మీద కూడా వంగితే నాకెవరు సర్వీసింగ్ చేస్తారు?

కుర్చీలో కూర్చుని, బెల్టు మార్చడం ఎలా అన్న వీడియోలు నాలుగు చూశాను. చాలా నేర్చుకున్నాను. ఇది కూడా పనిలోకే వస్తుంది.

సెప్టెంబర్ 27, శనివారం

దసరా నవరాత్రులు. అమ్మవారి దర్శనానికి కొండ మీదికెళ్ళే జనంతో ఊరంతా బారికేడ్లు. ఇంత రద్దీలో కారు బయటికి తీసేదెలా? బయటికి తీయని కారుకి బ్రేకులెందుకు?

అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కారు కడిగాను. వ్యాక్స్ పూశాను. అద్దంలా మెరుస్తోంది. బయట ఇంత బాగున్నది లోపల మాత్రం ఎందుకు చెడిపోతుంది?

(పై వాక్యం నా పేషెంట్లలో ఎవరైనా అని ఉంటే కుర్చీలోంచి దింపేసేవాణ్ణి.)

అక్టోబర్ 2, గురువారం

ఆయుధ పూజ. నా పానాల సెట్టు పూజలో పెట్టమని అత్తగారికిచ్చాను. ఆవిడ పెట్టె తిప్పి చూశారు. పైనున్న ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు.

"మా ఇంట్లో మగ్గం మీద ఏడాదంతా ఆడిన నాడెకి బొట్టు పెట్టేవాళ్ళం అల్లుడుగారూ. దీనికేం పెట్టను?"

కవరు మీదే పెట్టారు చివరికి. పూజలో పెట్టిన పనిముట్లని ఈ రోజు ముట్టకూడదన్నాను. "నెల రోజులుగా అదే పద్ధతిలో ఉన్నారుగా" అన్నారు. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఈ శనివారం కచ్చితంగా మొదలుపెడతాను.

అక్టోబర్ 4, శనివారం

వాన.

అక్టోబర్ 5, ఆదివారం

రూట్ కెనాల్ చేయించుకోవాల్సిన ఒకావిడ ఫోన్ చేసి, ఈ వారం మంచి రోజు లేదండీ అంది. కోపం వచ్చింది. పన్ను పంచాంగం చూసుకుని పాడవుతుందా అమ్మా అని అరిచాను. ఫోన్ పెట్టేసి చూస్తే మార్త నా వైపే చూస్తోంది.

"గొట్టం మార్చేశారా సార్?" అంది.

తర్వాతి పేషెంట్‌ని పిలవమన్నాను.

అక్టోబర్ 11, శనివారం

రేపే ప్రయాణం. జాబితాలో అయినవి: ఏమీ లేదు. ఆయిల్ డబ్బా వంటింట్లో నువ్వుల నూనె పక్కన, సీలు కూడా తీయకుండా ఉంది.

ఈ రోజు చేసిన పనులు: టైర్లలో గాలి. అద్దం తుడిచే నీళ్ళు. నాలుగు నిమ్మకాయలు కొన్నాను, టైర్ల కింద పెట్టడానికి. ఇంతకాలం ఆగని కారు రేపొక్క రోజే ఎందుకు ఆగుతుంది? నొప్పి లేదు కదా.

అక్టోబర్ 12, ఆదివారం

చేతికి బర్నాల్ రాసుకుని రాస్తున్నాను.

క్లినిక్‌కి సెలవిచ్చి, పొద్దున్నే నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. అత్తగారు కారెక్కడమే పెద్ద ఘట్టం. సీటు నేలకి జానెడెత్తులో ఉంటుంది. "ఇది ఎక్కడమా, దిగడమా?" అని రాజ్యశ్రీని అడిగారు. కూర్చున్నాక వెనక్కి తిరిగి, "సంచి ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. వెనక ఏమీ లేదు కదా. డిక్కీలో పెట్టాను.

ఉయ్యూరు దాకా డాష్‌బోర్డు పట్టుకునే కూర్చున్నారు. భయపడుతున్నారనుకున్నాను. పామర్రు దగ్గర రోడ్డు ఖాళీగా కనిపిస్తే కొంచెం తొక్కాను. ఇంజిన్ గొంతు విప్పింది. పక్కకి చూస్తే ఆవిడ నవ్వుతున్నారు.

"అల్లుడుగారూ, నేనెప్పుడూ ముందు సీట్లో కూర్చోలేదు."

"ఎప్పుడూనా?"

"ముందు మా నాన్న. తర్వాత మీ మామగారు. ఆయన పోయాక మీరు, అమ్మాయి. నేనెప్పుడూ వెనకే, సంచుల మధ్య. రోడ్డు ఇలా ఎదురొస్తుందని నాకు తెలీదు."

ఇంకొంచెం తొక్కాను.

మోపిదేవిలో దర్శనం బాగా జరిగింది. చల్లటి మజ్జిగ తాగి ఆవిడ దవడ పట్టుకున్నారు. చూడనివ్వండి అన్నాను. కొంగు అడ్డం వచ్చింది.

తిరుగు ప్రయాణంలో చల్లపల్లి దాటాక ఠప్పుమని చప్పుడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కకి తీసి ఆపాను. రేడియేటర్ పైగొట్టం. నేను సెప్టెంబర్ మూడున అద్దం పెట్టి చూసి, పేరు పెట్టి, రాసి పెట్టుకున్న గొట్టమే. మనసులో దేవేంద్ర హాలు, పూలదండలు, నల్ల కళ్ళజోడు పెట్టుకున్న పెళ్ళికొడుకు నా బానెట్ మీద కూర్చోవడం, అన్నీ కనిపించాయి. గొట్టం పోయిందండీ అంటుంటే ఏడుపొచ్చినంత పనైంది.

"కొత్తది డిక్కీలో ఉందిగా" అన్నారు అత్తగారు. దిగకుండానే అన్నారు.

ఉంది. పానాలు కూడా ఉన్నాయి, పూజయ్యాక అక్కడే పడేశాను. పూజ బొట్టుతో సహా కవరు చింపాను. ఆగలేక ముందే చెయ్యి పెట్టి కాల్చుకున్నాను. ఆవిడ దిగొచ్చి, అది చల్లారేదాకా నన్ను కాలవ గట్టు మీద కూర్చోబెట్టారు. తర్వాత పాత క్లిప్పుల స్క్రూలు ఒక్కొక్కటే అరచేతిలో పట్టుకుని నిలబడ్డారు. గొట్టం ఎక్కించడానికి నాకు పట్టిన టైములో ఒక చీర నేసెయ్యొచ్చునని కూడా అన్నారు. కాలవ నీళ్ళు పోసి తాళం తిప్పాను. పలికింది. చుక్క కారలేదు. నా చేత్తో నేను బాగుచేసిన మొదటి వస్తువది. గర్వం వచ్చి, వెంటనే పోయింది. కారు ఆగింది కదా.

"మాట మాటేనండీ. రాజ్యశ్రీకి చెప్పేస్తాను" అన్నాను.

ఆవిడ సీటులో సర్దుకుని, బెల్టు తనే పెట్టుకున్నారు. "ఇది అమ్మేస్తే నాకు మళ్ళీ వెనక సీటేగా" అన్నారు. అంతే.

గేటు దగ్గర రాజ్యశ్రీ. "ఇంతసేపా? ఆగిందా?"

"అదీ..." అన్నాను.

"నేనే ఆపించానమ్మా. పన్ను ఒకటే సలుపు. తట్టుకోలేక ఆ కాలవ గట్టు మీద కూర్చుండిపోయాను" అన్నారు అత్తగారు.

రాజ్యశ్రీ నల్లగా ఉన్న నా చేతులు చూసింది. తన తల్లి నల్లటి అరచెయ్యి కూడా చూసింది. "అంత సలుపుతోందా? అయితే రేపు పొద్దున్నే క్లినిక్‌కి వెళ్తున్నావు. ఇంక సాకులు చెప్పకు" అంది.

అత్తగారి ముఖం పాలిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకుంటే నా కారు పోతుంది. నేను నోరు విప్పి నిజం చెప్పబోయాను. ఆవిడ కళ్ళతోనే ఆపేశారు.

"అలాగేనమ్మా, వెళ్తాను."

లోపలికెళ్ళి రాజ్యశ్రీ దేవేంద్రకి ఫోన్ చేసింది. కారు ఇవ్వడం లేదన్నయ్యా అని చెప్పడం విన్నాను.

అక్టోబర్ 13, సోమవారం

తొలి పేషెంట్ సుబ్బరత్నం గారు. కుర్చీలో కళ్ళు గట్టిగా మూసుకుని, మార్త చెయ్యి పట్టుకుని నోరు తెరిచారు. కింద ఎడమ దవడ పన్ను. ఆరు నెలల క్రితమైతే ఫిల్లింగ్‌తో పోయేది. ఇప్పుడు తీసెయ్యాల్సి వచ్చింది. ఈ ముక్క ఎవరికైనా క్లాసు పీకి మరీ చెప్పేవాణ్ణి. ఈ రోజు మార్తని పట్టకారు మాత్రం అడిగాను. ఆవిడ ఒక్కసారి కూడా కదల్లేదు.

దూది కరిచిపట్టుకుని, మాట్లాడకుండా ఉండమని చెప్పి, ఎర్ర కారులోనే ఇంటికి తీసుకొచ్చాను. ముందు సీట్లో.

ఆవిడ ఇంట్లోకి వెళ్ళలేదు. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మీకు రెస్టు కావాలి, రేపు చూద్దాం అన్నాను. దూది నోటితో తల అడ్డంగా ఊపి, పానా చేతికిచ్చారు. కారు కింద దూరాను. నల్లటి ఆయిల్ పళ్ళెంలోకి కారుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కొత్తది పోశాను.

దూది తీసేశాక ఆవిడ అన్న మొదటి మాట: "ఇప్పుడు బ్రేకులు చూడండి అల్లుడుగారూ. ముందు కూర్చునేది నేను."

కొత్త జాబితా రాశాను. మొదటిది బ్రేకులు. రేపు పొద్దున్నే మొదలు. ఆవిడ ఇప్పుడే కుర్చీ తుడిచి పెట్టుకున్నారు.