కొరత లేదని చెప్పింది నేనే

కుప్పం తాలూకా నుండి,
12-7-1984

డాక్టరమ్మ గారికి, మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి పెట్టే నమస్కారాలు.

మీరు మదనపల్లె నుండి జీపులో మా సరిహద్దు పల్లెకు వచ్చిన రోజు తలుచుకుంటే నాకిప్పటికీ సంబరమే తల్లీ. ఎవరికి వైద్యం నేర్పించాలో చూడడానికి వచ్చామని చెప్పి, కాన్పులు చేసే మా మునెమ్మ పేరు మీ చేత్తో రాసుకున్నారు. నా బిడ్డ పేరు డాక్టరు కాగితంలో! నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ సంబరంలోనే తప్పు చేశాను. ఇంటికొచ్చిన పెద్దవాళ్ల ముందు లేమి చెప్పుకోవడం మాకు అలవాటు లేదు. మజ్జిగ చెంబు చేతికిస్తూ, "మా బిడ్డకు అన్నీ తెలుసమ్మా, ఒగ కాన్పు గూడా సెడలేదు" అన్నాను. మునెమ్మ ఏదో చెప్పబోతే, "నువ్వుండుమే" అని కసిరాను.

నిన్న పంచాయతీ ఆఫీసులో లిస్టు అంటించారు. శిక్షణకు ఎంచుకున్న వాటిలో పుంగనూరు వైపు ఊళ్లు చాలా ఉన్నాయి. మా ఊరికి ఎదురుగా 'అవసరం లేదు' అని రాశారు.

ఇంటికొచ్చి మునెమ్మకు ఆ సంగతి చెప్పాను. "పోయినేడు ఇద్దరు తల్లులు నా సేతుల్లోనే పోయినారు నాయనా. రగతం ఎట్ల నిలపల్లో ఆయమ్మను అడగాలనుకుంటి" అనింది, అంతే.

వచ్చే నెల మా చిన్నకోడలికి కాన్పు. కుప్పం ఆసుపత్రికి ఎద్దులబండిలో సగం రోజు దారి, వాన పడితే వాగు దాటలేము. మునెమ్మ ఇప్పటినుండే రోజూ వాగు దాకా వెళ్లి నీళ్లు చూసి వస్తోంది. నాకు ఏమి చేయాలో తోచడం లేదు.

ఆ కాగితం తీసుకుని ఇంకొక్కసారి రండి తల్లీ. ఈసారి నేను చేని దగ్గరికి వెళ్లిపోతాను. మీరు మునెమ్మనే అడగండి.

ఇట్లు,
మునెమ్మ నాయన