చిత్తడినేలలో కొలకర్ర

అమ్మకు నమస్కారం. ఇంత వినయంగా మొదలుపెట్టానంటే ఏదో జరిగిందని నీకు అనుమానం రానే వచ్చి ఉంటుంది.

నేను దొంగ లెక్కలు రాశానని కాలేజీ నుంచి నాన్నకు ఉత్తరం రావచ్చు, కంగారుపడొద్దు. చిత్తడినేలలో అంకెలేసిన కర్ర పాతి, ఏడాదంతా వారం వారం నీటిమట్టం రాయడం మా పని. ఎండలకు నీళ్ళు తగ్గాలి కదా, నా పుస్తకంలో పెరిగాయి! "గదిలో కూర్చుని రాశావా నాయనా?" అన్నారు మాస్టారు. పరీక్షకు రానివ్వనన్నారు. కర్ర జరిపింది నా జతగాడేనని అనుమానించాను. గట్టున మేసే గేదెనూ వదల్లేదు. నిన్న జతగాడితో కలిసి కాపు కాశాను. కొంగల్ని లెక్కపెడుతూ అలవాటు కొద్దీ కర్ర మీద వాలాను. "ఒరేయ్, కర్ర బురదలోకి దిగుతోందిరా!" అని అరిచాడు వాడు. కర్ర దిగితే నీళ్ళు పై అంకెను తాకుతాయి కదా. వానాకాలంలో నా గడ్డం దాకా ఉన్న కర్ర ఇప్పుడు నడుముకొచ్చింది. నేనే పొడుగయ్యాననుకున్నాను. సోమవారం మాస్టారు వచ్చి, నన్ను కర్ర మీద వాలమని చెప్పి చూస్తారట.

నాన్న మోకాలినొప్పి సంగతి ఎవరూ రాయరేం? చెల్లి నా పెట్టె ముట్టలేదని రెండుసార్లు రాసింది, అంటే తెరిచిందన్నమాట. తాళం మార్చు.

ఈ కార్డు పోస్టుమాన్ గారు ముందే చదివి ఉంటారు. మీ అబ్బాయి దొంగ కాడు, బరువైనవాడంతేనని వీధిలో ఆయన్నే చెప్పమను. నాన్నకు నమస్కారాలు, చెల్లికి మొట్టికాయ.