బండి నాకు దారి ఇచ్చింది

మంగళవారం, రాత్రి

ఈరోజు రోబో బండి నాకు దారి ఇచ్చింది!

గోదాంలో సామాన్లు మోసే ఆ బండ్లు మనుషుల మధ్య తిరుగుతూ, ఎవరి ముందు ఆగాలో వాటంతట అవే నేర్చుకుంటాయట. అందరికీ ఆగే బండి నాకు మాత్రం ఆగేది కాదు. నేనే గోడకు అతుక్కుని నిలబడేదాన్ని. నా ట్రాలీ ఆలస్యమయ్యేది. ఇంకోసారి ఇట్లా అయితే పనికి రావద్దని సూపర్‌వైజర్ నిన్ననే చెప్పాడు.

పొద్దున నాతో పనిచేసే యాదమ్మక్క నవ్వింది. "అది నిన్ను మంచిగ సదివిందే పిల్లా! నువ్వు జరుగుతవని దానికి ఎర్కే. ఒక్కసారి జరగకుండ నిలబడి చూడు."

నేను చదివింది ఏడో తరగతి. నన్ను చదివింది బండి!

మధ్యాహ్నం అది ఎదురొచ్చింది. ట్రాలీ పిడి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను, జరగలేదు. అది జానెడు దూరంలో ఆగి, వెనక్కి పోయి, పక్క నుంచి వెళ్లింది. "గట్లుండాలె!" అని యాదమ్మక్క చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత నా ట్రాలీ ఒక్కసారీ ఆగలేదు. ఇబ్రహీంపట్నం దాకా బస్సులో నవ్వుకుంటూనే వచ్చాను.

కానీ ఈ సాయంత్రం నేను బయల్దేరే ముందు, కొత్తగా చేరిన కవిత గోడకు అతుక్కుని నిలబడింది. బండి ఆమె ముందు నుంచే దూసుకుపోయింది. రేపు ఆమెకు చెప్పాలి, జరగకు అని. ఏడో తరగతి చదివిన నేను, ఇంకొకరికి పాఠం చెప్పడం!