ఆ పదకొండు రోజులు

శనివారం మధ్యాహ్నం,
గ్రంథాలయంలో నా బల్ల దగ్గర నుంచి

చిరంజీవి ఉడుతకు,

అమ్మ ప్రేమతో దీవించి రాసేది. నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావనీ, హాస్టల్ గదిలో ఊడిన కిటికీ రెక్క బిగించుకున్నావనీ అనుకుంటున్నాను. నాన్న మోకాలి సంగతి అడిగావు. డాక్టరు రోజూ నడవమన్నారు. ఆయన నడుస్తూనే ఉన్నారు, టీకొట్టు దాకా. అదేమంటే, "నడవమన్నాడు గానీ ఎటు నడవాలో చెప్పలేదుగా" అంటున్నారు.

ఫోనులో చెప్తే పోయేదానికి ఇంత ఉత్తరమెందుకని విసుక్కోకు. ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ పక్కన ఇంకేదో పని చేసుకుంటావు. కాగితమైతే రెండుసార్లు చదువుతావు. ఈసారి రెండుసార్లు చదవాల్సిన సంగతే ఉంది.

గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళు సోషల్ మీడియాలో పెట్టే చిన్న చిన్న పోస్టులు తమ పనికి ఎలా ఉపయోగపడతాయో మీ కాలేజీలో పేపరు రాయమన్నారన్నావు. అందుకు మన గ్రంథాలయం అకౌంటునే ఎంచుకున్నావని చదివి మురిసిపోయాను. నాలుగు ప్రశ్నలడిగావు. నాలుగోది, బాగా పేరొచ్చిన ఆ "కుట్టుపని అక్క" పోస్టు ఎందుకు తీసేశావని, ఆ తర్వాత పదకొండు రోజులు అకౌంటు ఎందుకు మూగబోయిందని. ఆ పోస్టుకు నువ్వు తీసి ఉంచుకున్న స్క్రీన్‌షాట్ పేపరు మొదటి పేజీలోనే పెడతానన్నావు. ఆగు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే ఏదైనా పెట్టు. నాకు ముందు సులువైనవి చెప్పనియ్యి.

రోజుకు ఎన్ని రాయాలి? కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను మొదట్లో రోజుకు పదహారు పెట్టేదాన్ని. బీరువా తాళం పడటం లేదని కూడా రాశాను. "చదువుకునేవాళ్ళకి నీ బీరువా గోడు ఎందుకే" అని మీ నాన్న అన్నాక తగ్గించాను. ఇప్పుడు రెండో మూడో. పొద్దున తలుపులు తీయగానే ఒకటి మాత్రం తప్పనిసరి: తెరిచాం, రండి. తలుపు మీద అతికించిన "ఈరోజు సెలవు" కాగితం తలుపు దాకా వచ్చినవాళ్ళకే కదా కనపడేది. అంత ఎండలో వచ్చి, అది చదివి, వెనక్కి పోయేవాళ్ళ మొహాలు చూసినదాన్ని నేను. ఈ అకౌంటు తెరవడానికి నాకు అదొక్కటే కారణం చాలింది.

ఏం రాయాలి? రాయడం కన్నా జవాబివ్వడం ముఖ్యం. ఒకావిడ అడిగింది: చిన్నప్పుడు చదివిన పుస్తకం, ఆకుపచ్చ అట్ట, అందులో ఒక మేక మెట్లెక్కుతుంది, పేరు గుర్తులేదు. నాకూ తెలియలేదు. తెలియదనే రాసి, తెలిసినవాళ్ళు చెప్పమని వేరే ఊళ్ళలోని గ్రంథాలయాలవాళ్ళను అడిగాను. గంట తిరక్కుండా ఒకాయన పేరు చెప్పాడు. వెతికితే మన పిల్లల గదిలోనే, నేనే అట్ట వేసి పెట్టిన పుస్తకం! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. ఇది నీ పేపరులో నిరభ్యంతరంగా రాసుకో. నాకు తెలియదని నలుగురిలో ఒప్పుకోవడం మన పనిలో చిన్నతనం కాదు.

ఎంతమంది చూశారన్నదే కొలతా అన్నావు. లిఫ్ట్ పాడైంది, మేడమీది పుస్తకాలు కావాలంటే కిందనుంచే అడగండి, తెచ్చిస్తాం అని ఒకసారి రాశాను. దాన్ని ఇరవైమంది కూడా చూడలేదు. ఆ ఇరవైమందిలో చేతికర్రతో నడిచే లెక్కల మాస్టారు ఒకరు. "మీరు రాయకపోతే ఈ వారం ఇంట్లోనే కూర్చునేవాణ్ణమ్మా" అన్నారు. వేలమంది చూసిన పోస్టు సంగతి ఇప్పుడు చెప్తాను. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

నువ్వు హాస్టలుకు వెళ్ళాక మన వీధి మలుపులో ఒకామె కుట్టుదుకాణం తెరిచింది. కొలతల టేపు ఎప్పుడూ మణికట్టుకు చుట్టుకునే ఉంటుంది కాబట్టి అందరం టేపక్క అంటాం. ఒకరోజు మధ్యాహ్నం, జనం లేని వేళ చూసి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే పుస్తకం ఉంటుందా?" ఆమెకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. కొలతల పుస్తకంలో మనుషుల పేర్లకు బదులు బొమ్మలు వేసుకుంటుంది. ఒకరికి గొడుగు, ఒకరికి మీసం, నాకు పుస్తకం. ఆరునెలలు రోజూ అరగంట నా బల్ల పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇంట్లో మాత్రం డిజైన్ల పుస్తకాలు చూడటానికి వెళ్తున్నానని చెప్పేది.

ఒకరోజు ఒక కథ మొదటినుంచి చివరిదాకా ఎవరి సాయం లేకుండా చదివింది. ఉడుతా, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పేజీ మీద ఆమె వేలు కదులుతుంటే ఫొటో తీశాను. "ఆరునెలల కిందట అక్షరం రాని కుట్టుపని అక్క ఈరోజు మా దగ్గర తొలి కథ చదివేసింది. చప్పట్లు కొట్టండి" అని రాసి పెట్టాను. పేరు రాయలేదు, మొహం లేదు, ఇంకేం కావాలి అనుకున్నాను. సూదిపోట్ల వేలూ, మణికట్టు మీద పసుపుపచ్చ టేపూ ఉన్నాయి. తెలిసినవాళ్ళకు వాటికన్నా పేరేముంటుంది!

సాయంత్రానికి వేలమంది చప్పట్లు కొట్టారు. మా పై అధికారి ఫోన్ చేసి, "ఇలాంటివి వారానికోటి పెట్టండమ్మా" అన్నారు. మర్నాడు టేపక్క రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు నేనే దుకాణానికి వెళ్ళాను. ఆమె తలెత్తలేదు, మిషన్ ఆపలేదు. అంత కోపం నామీద. కుడుతూనే చెప్పింది.

"మీరు పెట్టింది చూసి మా అమ్మాయి ఫోన్ చేసింది మేడమ్. ఇన్నాళ్ళూ నీకు చదవడం రాదా అమ్మా, మరి నా మార్కుల కార్డులు చూసి బాగా రాసిందని ఎలా మెచ్చుకున్నావు అనడిగింది."

"తప్పయిపోయింది అక్కా. మంచి సంగతే కదా అనుకున్నాను."

"మంచి సంగతే. కానీ అది నేను చెప్పుకోవాల్సింది. దానికి ఒక ఉత్తరం రాద్దామని నేర్చుకున్నా. నా చేత్తో రాసింది చదివాక దానికి తెలియాలనుకున్నా. మీ ఫోనులో తెలిసిపోయింది."

నీకు గుర్తుందా, నీ చిన్నప్పుడు ఒకాయన వచ్చి, మా ఆవిడ ఏ పుస్తకాలు తీసుకెళ్తోందో చెప్పమని గొడవ చేశాడు. నేను ససేమిరా అన్నాను. ఎవరు ఏం చదువుతున్నారో మూడో మనిషికి చెప్పకపోవడం మన పనిలో మొదటి మర్యాద అని ఆరోజే నీకు చెప్పాను. పాతికేళ్ళు కాపాడుకున్న ఆ మర్యాదను సంతోషం పట్టలేక ఒక్క నిమిషంలో పోగొట్టుకున్నాను. పోస్టు తీసేశాను. కానీ అప్పటికే ఎంతమంది దగ్గర ఉండిపోయిందో. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని నీకు చెప్పీ చెప్పీ విసిగించినదాన్ని నేనే. ఆ తర్వాత అకౌంటు తెరిచి, మళ్ళీ మూసేసేదాన్ని. "తెరిచాం, రండి" అని రాయడానికి కూడా మొహం చెల్లలేదు. రావాల్సిన మనిషినే రాకుండా చేశాను కదా.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. ఆ కథల పుస్తకం బల్లమీద పెట్టి, "గడువు దాటలేదు కదా" అంది. లేదన్నాను. "ఇంకోటివ్వండి. పెద్ద అక్షరాలది వద్దు, మామూలుది." అంతే. ఆ సంగతి ఇంకెత్తలేదు. కూతురికి ఉత్తరం రాసిందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు. మర్నాడు పొద్దున మళ్ళీ "తెరిచాం, రండి" అని రాశాను.

కాబట్టి నీ దగ్గరున్న ఆ ఫొటో తీసెయ్. ఆ పోస్టు నీ పేపరులో మంచి ఉదాహరణగా ఉండటానికి వీల్లేదు. ఇప్పుడు నేను చదువరుల గురించి ఒక్క వాక్యం రాయాలన్నా ముందు వాళ్ళకు చూపిస్తాను. ఈ ఉత్తరం కూడా టేపక్కకు ఇస్తాను. ఆమె వద్దంటే చింపేసి, నాన్న మోకాలి గురించి ఇంకోటి రాస్తాను. ఏమైనా రాయాలనుకుంటే రాస్తుందని కింద కొంచెం చోటు వదులుతున్నాను. నామీద నీకు కోపమొస్తే దాచుకోకు. వేళకు తిను.

ఇట్లు,
తప్పు చేసి నేర్చుకున్న మీ అమ్మ

అమ్మాయికి,
మీ అమ్మ ఉత్తరం చదివాను. మూడు రోజులు పట్టింది. అన్నీ నిజమే, ఒక్కటి తప్ప. ఆ రోజు నేను తల ఎత్తనిది కోపంతో కాదు. ఏడుపు కనపడకూడదని. నా సంగతి నీ పేపరులో రాసుకో. ఫొటో వద్దు. మా అమ్మాయికి నా చేత్తో ఉత్తరం రాసి పోస్టు డబ్బాలో వేశాను. జవాబు ఇంకా రాలేదు. రోజూ చూస్తున్నాను. నువ్వు మీ అమ్మకు తొందరగా రాయి.